గరిటె లోతు

ఆ వరస ఇళ్లలో ఆవిడను అందరూ గరిటక్క అనే పిలుస్తారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, పింఛను కాగితం మీద తప్ప అది ఎక్కడా వినిపించదు. డెబ్భై మూడేళ్లు. ఒకటే గది, ఒక పొయ్యి, ఒక వంటగిన్నె, గోడకు ఆనించిన రెండు కంచాలు. ఒంటరి మనిషికి రెండో కంచం ఎందుకని ఎవరైనా అడిగితే, "మా చెల్లెలు వస్తుంది" అంటుంది.

చెల్లెలు రావడమైతే వస్తుంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, గడియారం పెట్టినట్టు వస్తుంది. గొడుగు మూలన పెడుతూనే, "తినేసొచ్చానక్కా" అంటుంది. ఆ మాట అన్నాకే కూర్చుంటుంది. ఓ అరగంట మోకాళ్ల నొప్పుల గురించీ, వీధి చివర నల్లా గురించీ మాట్లాడి, టీ కూడా వద్దని లేచి వెళ్లిపోతుంది. రెండో కంచం మీద దుమ్ము తుడవడమే తప్ప, అందులో మెతుకు పడి ఎన్నేళ్లయిందో గరిటక్కకు గుర్తు లేదు. చెల్లెలికి గర్వమని ఆవిడ తేల్చేసుకుంది. నలుగురి బట్టలు కుట్టి తన కాళ్ల మీద తను నిలబడిన మనిషి కదా, అక్క చేతి తొక్కల కూడు ఎందుకు సయిస్తుంది? అలా అనుకుని ఊరుకుంటుంది గానీ, శనివారం నాడు మాత్రం ఇద్దరికి సరిపడా నూకలు నానబెట్టకుండా ఉండలేదు. సోమవారం దాకా ఆ రెండో వంతు తనే తింటుంది.

ఆ గురువారం పొద్దున, బీన్స్ కాయల ఈనెలు తీసి దారాల్లా పక్కన పేరుస్తూ ఉండగా మిల్లు కార్మికుల సంఘం కార్యదర్శి వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, కాస్త బొద్దుగా ఉంటాడు, మెట్లెక్కేసరికి ఆయాసపడుతున్నాడు.

"పెద్దమ్మా, పెద్ద సమ్మె జరిగి ఈ ఆదివారానికి యాభై ఏళ్లు. హాల్లో సభ పెట్టుకుంటున్నాం. బిర్యానీలూ గిర్యానీలూ వద్దనుకున్నాం. ఆ రోజుల్లో మనవాళ్లు తిన్న సమ్మె గంజే అందరికీ పెడదామని."

"ఎవరు వండుతారు?"

"ఎవరు వండుతారేంటి పెద్దమ్మా, మీరుండగా!"

గరిటక్క పొంగిపోయింది. కానీ పొంగు బయటికి కనిపించనివ్వడం ఆవిడ నైజం కాదు. "ఎంతమందికి?" అంది, ఈనెలు తీస్తూనే.

"నూట యాభై మంది దాకా రావచ్చు. ముందు ఎలా చేయాలో చెప్పండి, రాసుకుంటాను. మీ తర్వాత చెప్పేవాళ్లు కూడా ఉండరు."

"నేనింకా పోలేదులే. రాసుకో. బంగాళాదుంప తొక్కలు. దుంపలు కాదు, తొక్కలు. దుంపలు వేస్తే అది కూరవుతుంది. ఉప్పునీళ్లలో మూడుసార్లు కడగాలి. క్యాబేజీ పైఆకులు, మధ్యలో మొద్దు. ముల్లంగి ఆకు. ఉల్లిపొట్టు ఒట్టిగా వేయకు, గుడ్డలో మూటకట్టి వెయ్యి, రంగు దిగాక తీసెయ్యి. బఠాణీ తొక్కలైతే ఉడకబెట్టి దంచి వడగట్టాలి, లేకపోతే నోట్లో పీచు."

"ఎంతెంత? కిలో లెక్కన చెప్పండి."

"తొక్కలకు తూకమేమిటి నాయనా? ఎంత దొరికితే అంత. నూకలు మాత్రం మనిషికి పిడికెడు. నా పిడికెడు, నీది కాదు." అతని చేతిని ఓసారి చూసి నవ్వింది. "నూకలు కడిగిన నీళ్లు పారబోస్తే నా గుమ్మం తొక్కకు. ఇక అసలు సంగతి విను. నూకలు వేశాక గరిటె పెట్టకూడదు. దింపేదాకా కలపకూడదు, వడ్డించేటప్పుడు కూడా కలపకూడదు."

"ఎందుకని?"

"నీళ్లెక్కువ, నూకలు తక్కువ. అవన్నీ అడుక్కి దిగి అంటుకుంటాయి. మాడు వాసన లీలగా ముక్కుకు తగలగానే మంట ఆర్పేసి, గిన్నెకి బొంత చుట్టేయాలి. మిగతాది ఆ వేడికే ఉడుకుతుంది, కట్టెలు మిగులుతాయి. కలిపావంటే మాడు వాసన గంజంతా ఎక్కుతుంది, ఒక్కరూ తినలేరు. కలపకపోతే మాడు అడుగునే పడి ఉంటుంది."

"మరి దాన్నెవరు తింటారు?"

గరిటక్క ఈ ప్రశ్న కోసమే ఎదురుచూసినట్టు చేతిలో కాయ కింద పెట్టింది. గోడకున్న గరిటె తీసి, ఖాళీ గిన్నెలో దించి చూపించింది. "మా ఆయనా, ఇద్దరు మరుదులూ పొద్దస్తమానం మిల్లు గేటు దగ్గర నిలబడాలి. వాళ్లకి గరిటె ఇదిగో, అడుగు దాకా. అత్తామామలకి ఇక్కడి దాకా, సగానికి. అందరికీ పెట్టాక చివర్న గిన్నె నా ముందు పెట్టుకుని, మాడు గోక్కుని తినేదాన్ని. ఏడు నెలలు. ఒక్కరోజు కూడా నా కంచంలో గంజి పోసుకోలేదు."

కార్యదర్శి కలం ఆగిపోయింది. "ఈ మాట మీరు సభలో చెప్పాలి పెద్దమ్మా," అన్నాడు.

అతను వెళ్లాక గరిటె మళ్లీ గోడకు తగిలిస్తూ, అప్పట్లో తనతో ఆ ఇంట్లోనే ఉన్న చెల్లెలికి గరిటె ఎందాకా అని అతను అడగలేదే అనుకుంది గరిటక్క. అనుకుంది గానీ, ఆ ఆలోచన వెంట వెళ్లలేదు. నూట యాభై మందికి తొక్కలు ఎక్కడినుంచి తేవాలన్న బెంగ పట్టుకుంది.

శుక్రవారం నుంచీ వరస ఇళ్లన్నీ ఆవిడ ఆజ్ఞ మీద నడిచాయి. ఎవరింట్లో కూర తరుగుతున్నా పక్కన ఒక సంచీ. తొక్క మందంగా తీసినవాళ్లకు చీవాట్లు. "ఇది తొక్క కాదమ్మా, దుంపకి దుంపే! మీ ఆయన ఎలా వేగుతున్నాడో నీతో," అంటే, ఆ పిల్ల సిగ్గుపడి నవ్వింది. భోజన హోటలు వెనకాల క్యాబేజీ మొద్దులు ఒక బుట్ట దొరికాయి. హోటలు వంటవాడు, "మేకలు కొన్నావా గరిటక్కా?" అన్నాడు. "మేకలు కాదు, నూట యాభై మంది నాయకులు," అంది. రెండు రోజులపాటు అంతమందితో మాట్లాడిందేమో, శనివారం మధ్యాహ్నానికి ఆవిడ గొంతు బొంగురుపోయింది. మామూలు రోజుల్లో సాయంత్రం దాకా మాట లేకుండా గడిచిపోయి, గొంతు ఉందో లేదో చూసుకోవడానికి దగ్గుకునే మనిషి.

ఆ బొంగురు గొంతుతోనే చెల్లెలి ఇంటికి వెళ్లింది.

చెల్లెలు కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు అంచు మడిచి కుడుతోంది. అరవై ఒక్క ఏళ్లొచ్చినా దారం ఎక్కించడానికి కళ్లజోడు పెట్టుకోదు. మెడలో కొలత టేపు. మాట్లాడేటప్పుడు పెదాల మధ్య గుండుసూదులు ఉంటే అటు తిరిగి తీసేసి మరీ మాట్లాడుతుంది.

"రేపు సభకి రావాలే. గంజి నేనే వండుతున్నాను."

"విన్నాను."

"అక్కడ మాట్లాడమన్నారు కూడా. నువ్వు నా పక్కన ఉండాలి. ఆ ఇంట్లో ఆ గంజి తాగినవాళ్లలో మిగిలింది మనిద్దరమే కదే."

మిషను కాసేపు నడిచింది. అంచు చివరికొచ్చాక చెల్లెలు దారం తెంపింది. "వస్తాలే అక్కా," అంది. ఆ తర్వాత, "తినేసి వస్తాను," అంది.

గరిటక్కకు ఒళ్లు మండింది. "ఏమే, నూట యాభై మంది తింటారు, నీకొక్కదానికే పడదా నా వంట? యాభై ఏళ్లుగా చూస్తున్నాను. నేనేం తప్పు చేశానని? అమ్మ పోతే నిన్ను నా వెంట అత్తింటికి తెచ్చుకున్నందుకా?"

"ఆ మాట నేననలేదు."

"ఒక్కసారి నా ఎదురుగా కూర్చుని ఇంత తింటే నీ సొమ్మేం పోతుంది?"

చెల్లెలు ప్యాంటు మడిచి పక్కన పెట్టింది. మడతల మీద అరచేత్తో రెండుసార్లు రాసింది. గరిటక్క గుమ్మం దిగి, వీధి మలుపు తిరిగేదాకా వెనక మిషను చప్పుడు వినిపించలేదు.

ఆదివారం తెల్లారేసరికల్లా సంఘం హాలు వెనక వరండాలో ఇటుకల పొయ్యి మీద పెద్ద గుండిగ ఎక్కింది. తొక్కలు కడగడానికి నలుగురు ఆడవాళ్లు, నీళ్లు మోయడానికి ఇద్దరు మగవాళ్లు. గరిటక్క ఎత్తు పీట వేసుకుని కూర్చుని ముక్కుతో వంట చేసింది. నిజంగా ముక్కుతోనే. మూత తీయనివ్వలేదు, గరిటె పెట్టనివ్వలేదు. పదకొండింటికి ఒక్కసారిగా తలెత్తి, "ఆర్పండి," అంది. పక్కనున్న వాళ్లెవరికీ ఏ వాసనా తగల్లేదు. గుండిగకు నాలుగు బొంతలు చుట్టి, పైన ఇటుక పెట్టారు.

మధ్యాహ్నం సభ. హాలు నిండింది. చెల్లెలు వచ్చింది. చివరి వరసలో, తలుపు పక్కన కూర్చుంది. కార్యదర్శి గరిటక్కను మైకు ముందుకి తీసుకెళ్లి నిలబెట్టాడు. ఆవిడ మైకుకి దూరంగా జరిగి, అది అక్కడ లేనట్టే మాట్లాడింది. తొక్కలు ఎలా ఏరేదో, పోలీసులు గేటు దగ్గర ఎలా తరిమేవారో, మామగారు గంజి తాగుతూ దాన్ని విందుభోజనంలా ఎలా మెచ్చుకునేవాడో చెప్పింది. జనం నవ్వారు. చివర్న మాడు సంగతి చెప్పింది. "అందరికీ పెట్టాకే నేను. నా వంతుకి మాడే మిగిలేది. అయినా ఏనాడూ బాధపడలేదు."

హాలంతా చప్పట్లు. ముందు వరసలో ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. గరిటక్క ఆ చప్పట్ల మీదుగా చివరి వరసకేసి చూసింది. చెల్లెలు చప్పట్లు కొట్టడం లేదు. తన అరచేతులకేసి చూసుకుంటోంది.

తర్వాత వడ్డన. బొంతలు విప్పారు. ఆవిరి లేచింది. గిన్నెలు పట్టుకుని జనం వరసలో నిలబడ్డారు. సాయం చేస్తామన్నా గరిటక్క గరిటె ఎవరికీ ఇవ్వలేదు. ముందు మనిషి మొహం చూడడం, గరిటె దించడం, ఎత్తడం. మొహానికీ మొహానికీ మధ్య ఆలోచన లేదు. పనిచేసి అలిసినట్టున్న మగవాళ్లకు గరిటె అడుగు దాకా వెళ్లింది. ముసలివాళ్లకు సగం దాకా. ఆడపిల్లలకు పైపైన. చెయ్యి దానంతట అదే నడిచింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఇంతమంది ఆవిడ చేతి తిండి కోసం నిలబడ్డారు. చెయ్యి లాగుతున్నా ఆవిడకు తెలియలేదు.

వరసలో నలభయ్యో, యాభయ్యో మనిషి వెనక చెల్లెలు కనిపించింది. చేతిలో గిన్నె ఉంది.

గరిటక్క మెడ సాచి చూసింది. తింటుంది! మాట పట్టుకుని కూర్చుంటుందనుకుంటే, అందరి ముందూ వరసలో నిలబడి మరీ తింటుంది. ఆ సంతోషంలో ముందున్న ఇద్దరికీ ఎంత పోసిందో కూడా చూసుకోలేదు. చెల్లెలు ఎదురుగా వచ్చి గిన్నె చాపింది. రెండు చేతులతో చాపింది, పదకొండేళ్ల పిల్లలా.

గరిటక్క నవ్వుతూ గరిటె దించింది, ఎత్తింది, పోసింది.

చెల్లెలు కదల్లేదు. గిన్నెలోకి చూస్తూ నిలబడిపోయింది. వెనకవాళ్లు తొంగిచూశారు.

"ఇంకాస్త కావాలా?" అంది గరిటక్క.

"చూడక్కా." చెల్లెలు గిన్నె కొద్దిగా ముందుకు వంచింది. ఉల్లిపొట్టు రంగు నీళ్లు. గింజ లేదు, ముక్క లేదు. ఆ నీళ్లలో పైన వెలుగుతున్న దీపం, దాని కింద చెల్లెలి నెరిసిన జుట్టు, మొహం. "ఇప్పుడు కూడా నా మొహం కనిపిస్తోంది."

గొంతు పెంచలేదు. ఎత్తిపొడుపు కూడా లేదు. పోయిన వస్తువు దొరికినప్పుడు మనిషి ఎలా చెబుతుందో అలా చెప్పింది. గిన్నె బల్ల మీద ఒలక్కుండా పెట్టి, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

"తర్వాతి వాళ్లు," అంది గరిటక్క. ఇంకెవరో గిన్నె చాపారు. గరిటె దించబోయి ఆగింది. ఎందాకా దించాలో చేతికి తెలియలేదు. పక్కనున్న ఆవిడకు గరిటె ఇచ్చేసి, వెనక వరండాలో పీట మీద కూర్చుండిపోయింది. అలిసిపోయిందని అందరూ అనుకున్నారు. ఎవరో విసనకర్రతో విసిరారు, ఎవరో నీళ్లిచ్చారు. సభ ముగిశాక కార్యదర్శి వచ్చి శాలువా కప్పాడు. ఆవిడ శాలువా కొసలు పట్టుకుని, "ఆ కాగితం ఉందా నీ దగ్గర, నేను చెప్పింది?" అని అడిగింది. భద్రంగా ఉందన్నాడు. ఇంకేదో అనబోయి ఊరుకుంది.

సోమవారం గదిలో తన చిన్న గిన్నెతో, మిగిలిన తొక్కలతో మళ్లీ అదే గంజి వండింది. అదే వాసనకు మంట ఆర్పింది. బొంత చుట్టింది. కంచాలు తీయలేదు, రెండు లోతు గిన్నెలు తీసింది. ఒకదాంట్లో పైగరిటె, ఒకదాంట్లో అడుగు గరిటె. రెండింటినీ కిటికీ వెలుతురులో పెట్టుకుని చూసింది. ఒకదాంట్లో నూకలూ తొక్కలూ గరిటె నిలబడేంత చిక్కగా ఉన్నాయి. రెండోదాంట్లో తన మొహం కనిపించింది.

ఆ మొహాన్నే తాగింది. పొద్దున ఒక గిన్నె, మధ్యాహ్నం ఒక గిన్నె. చిక్కటి గిన్నె మీద మూత పెట్టి కళ్లెదుటే ఉంచుకుంది. మధ్యాహ్నం మూడింటికి కడుపులో నీళ్లు కదిలిన చప్పుడు వినిపించింది. నాలుగింటికి లేవబోతే కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. ఒక్క రోజుకే ఇలా ఉంటే ఏడు నెలలు. అదీ ఎదిగే పిల్ల. నీళ్ల బిందె మోసే పిల్ల, అత్తగారి కాళ్లు పట్టే పిల్ల. ఎన్నడూ ఇంకాస్త పెట్టమని అడగలేదు. అడగదని తనకు తెలుసు. అడగదని తెలిసే అలా పోసిందేమోనన్న ఆలోచన వచ్చి, గరిటక్క గోడ పట్టుకున్నచోటే కూలబడింది. చాలాసేపు ఏడ్చింది. వినేవాళ్లెవరూ లేకపోవడం ఆ రోజు ఒక విధంగా నయమే అనిపించింది.

మంగళవారం పొద్దున మళ్లీ వండింది. గిన్నెను బొంతలో చుట్టి, సంచీలో గరిటె వేసుకుని, చంకన పెట్టుకుని బయల్దేరింది. నాలుగు వీధుల దూరం. రెండుచోట్ల ఆగి గట్టు మీద కూర్చుంది.

చెల్లెలు తలుపు తీసింది. బొంత మూటను చూసి, "తినేసా..." అనబోయింది.

"తెలుసులే. తిన్నావు. నీకోసం తేలేదు," అంది గరిటక్క. లోపలికి వచ్చి, బట్టల ముక్కలు పక్కకు జరిపి గిన్నె బల్ల మీద పెట్టింది. మూత తీసింది. గరిటె తీసి చెల్లెలి చేతికిచ్చింది. "నాకు పెట్టు. కలపకుండా పెట్టు. పైగరిటె."

చెల్లెలు గరిటె పట్టుకుని నిలబడింది.

"నువ్వు మాడు తిన్నానని చెప్పినప్పుడల్లా అందరూ అయ్యో అంటారు," అంది చివరికి. "నేను గుమ్మం పక్కన కూర్చుని నీ చెయ్యే చూస్తుండేదాన్ని. అది గిన్నె గోకుతుంటే ఎంత మందంగా వచ్చేదో. మాడు గట్టిగా ఉంటుందక్కా. నమలాలి దాన్ని. ఏడు నెలలు నాకు నమలడానికి ఏమీ లేదు."

"నువ్వు అప్పుడే చెప్పి ఉంటే..."

"నువ్వు కూడా కష్టపడ్డావు కదా. ఎలా చెప్పను?"

గరిటక్క వంటగిన్నెను చెల్లెలి వైపు జరిపింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్లారు. "పెట్టు," అంది, అంతకంటే ఏమనాలో తెలియక. "నాకు నా మొహం కనిపించాలి."

చెల్లెలు లోపలికి వెళ్లి ఒక గిన్నె తెచ్చింది. ఒక్కటే తెచ్చింది. తర్వాత గరిటెను వంటగిన్నెలో అడుగు దాకా దించింది. అంచుల వెంట గీకింది. అంటుకున్న మాడును పొరలు పొరలుగా లేపి, గుండ్రంగా తిప్పుతూ కలిపింది. ఇటోసారి, అటోసారి, మళ్లీ ఇటు. గంజి నల్లబడింది. గదంతా మాడు వాసన నిండిపోయింది. ఎన్ని బొంతలు చుట్టినా, ఎంత ఒడుపుగా మంట ఆర్పినా, అడుగున దాచిపెట్టిన వాసనంతా ఒక్కసారిగా పైకి వచ్చింది.

నిండుగా పోసి అక్క ముందు పెట్టింది. ఎదురుగా కూర్చుంది.

గరిటక్క తింది. ప్రతి ముద్దలోనూ చేదు తగిలింది. గొంతు దిగడం కష్టంగా ఉంది. సగంలో ఆగి చూస్తే, చెల్లెలు ఇంకా తననే చూస్తోంది, గుమ్మం పక్కన కూర్చుని చూసినట్టే. మిగతా సగం కూడా తింది.

వెళ్లడానికి లేచి, మిగిలిన గంజి ఉన్న వంటగిన్నెకు బొంత చుట్టబోతే, చెల్లెలు చెయ్యి అడ్డం పెట్టింది.

"అది ఇక్కడ ఉండనీ."

"పాడైపోతుందే. నువ్వు తినవు కదా."

"ఉండనీ అన్నానుగా." చెల్లెలు మిషను ముందు కూర్చుని, సూది కింద గుడ్డ సర్దుకుంది. "గిన్నె ఆదివారం తెచ్చిస్తాను."

గరిటక్క ఖాళీ బొంత చంకన పెట్టుకుని మెట్లు దిగింది. ఉన్నది అదొక్కటే వంటగిన్నె. ఆదివారం దాకా వండుకోవడానికి మరో గిన్నె లేదని వీధి మధ్యకు వచ్చాక గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి చూసింది. కిటికీలో మిషను దగ్గర ఎవరూ లేరు. కాసేపు అక్కడే ఆగింది. మిషను చప్పుడు వినిపించలేదు. లోపల ఎక్కడో, గిన్నె అడుక్కి గరిటె తగిలిన చప్పుడు ఒకటి వినిపించింది.

బొంత ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని పొట్టకు హత్తుకుని, వెనక్కి వెళ్లకుండా ఇంటికి నడిచింది.